చిన్నాయన పుట్టిలో ఎదుటి అంచు

నా చిన్నప్పుడు తుంగభద్ర దాటాలంటే మా ఊరు కెంచనగుడ్డలో అందరూ మా చిన్నాయన పుట్టే ఎక్కేవాళ్ళు. వెదురుతో అల్లి, అడుగున తోలు బిగించిన గుండ్రటి పడవ అది. అందులో తెడ్డు వేసే చిన్నాయన పక్క చోటు నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే నాదనుకున్నాను.

కాలువ నీళ్ళు వచ్చాయని కోస్తా నుంచి రైతులు వచ్చి మా పొలిమేరలో ఇళ్ళు వేసుకున్న రోజులవి. ఆ కొత్త పేటను క్యాంపు అనేవాళ్ళం. దసరా సెలవుల్లో చిన్నాయన క్యాంపు పిల్లలను ఏటి నడుమ తిప్ప చూపించడానికి బయలుదేరదీశాడు. నేనూ వెళ్ళాను. వాళ్ళలో ఒక చిన్నపిల్ల నీళ్ళు చూసి ఏడుపు మొదలుపెట్టింది. చిన్నాయన దాన్ని నా చోట్లో కూర్చోబెట్టుకుని, తన టువాలు కొస దాని చేతికిచ్చి, నన్ను మాత్రం "పాపా, ఎదుటి అంచుకు పో" అన్నాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అవ్వ ఊరికే అనేది కాదు. తిప్ప మీద పెరుగన్నం కూడా నాకు సయించలేదు. ఆ పిల్ల ప్రతిదానికీ "అండీ" అనడం, చిన్నాయన మురిసిపోవడం చూసి నా కడుపు మండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు నడి ఏట్లో గాలివాన పట్టుకుంది. పుట్టి గిరగిరా తిరిగింది. పిల్లలంతా బెదిరి చిన్నాయన వైపుకు జరిగేసరికి ఆ అంచు ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి. నేనూ లేచాను.

"పాపా, నువ్వు ఆడ్నే కూర్చో. నువ్వు కదిలితే అందరం మునుగుతాం. మీలో సగం మంది పాప కాడికి పాకతా పోండప్పా" అని కేకవేశాడు చిన్నాయన. టువాలు విడిపించి ఆ పిల్లనూ నా వైపే పంపాడు.

అది నా దగ్గర నిలవలేదు. "నేను ఆయన దగ్గరికి వెళ్తానక్కా, వదులు" అంటూ లేవబోయింది. పోతే పోనీ అనిపించింది. కానీ అది పోతే మిగతావాళ్ళూ దాని వెంటే పోతారు, పుట్టి తిరగబడుతుంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులా బిగించాను. నా కోపం తగ్గలేదు. ఆ కోపంతోనే గట్టిగా పట్టుకున్నాను.

పుట్టి సర్దుకుని గట్టు చేరాక కూడా చిన్నాయన ముందు దాన్నే ఎత్తుకుని దించాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పిల్లలంతా వెళ్ళాక, ఆయన పుట్టిలో నీళ్ళు తోడుతుంటే ఎందుకని అడిగేశాను.

"దాన్ని యాకె నీ పక్కన కూర్చోబెట్టుకుంటివి?"

"భయపడేటోళ్ళను పక్కన పెట్టుకుంటా పాపా. ఎదుటి అంచున కదలని మనిషి ఉండల్ల. ఆడ నువ్వుంటేనే నాకు ధైర్యం" అన్నాడు, తోడడం ఆపకుండానే.

ఏళ్ళ తర్వాత నాకు ఇద్దరు కూతుళ్ళు పుట్టారు. చంటిదాన్ని ఎత్తుకుంటే చాలు, పెద్దది మూతి ముడుచుకునేది. దాన్ని కోప్పడడానికి నాకు మనసొప్పేది కాదు. చంటిదాన్ని దాని ఒళ్ళోనే కూర్చోబెట్టి, "పడకుండా పట్టుకో, నిన్ను నమ్ముకునే పోతాండా" అని వంటింట్లోకి వెళ్ళేదాన్ని. వెనక్కి తిరిగి చూస్తే మూతి అలాగే ఉండేది. చేతులు మాత్రం చెల్లెల్ని వదిలేవి కావు.