నర్సింలన్నకు నేను పెట్టిన పేరు

ఒక మనిషి పిరికివాడు కాడని తెలిసి కూడా, పదిమందిలో ఆ మాట చెప్పకుండా ఊరుకున్నాను. మా ఇంటి పక్కన టిప్పర్ ఇసుక కుమ్మరిస్తుంటే, ఆ జారుడు చప్పుడుకు నర్సింలన్న గుర్తొస్తున్నాడు.

ఎనభైల చివర, ఇస్నాపూర్ దగ్గర ఒక రంగుల కంపెనీలో నేను టైమాఫీసు గుమాస్తాను. నర్సింలన్న గేటు వాచ్‌మన్. కొండాపూర్ వైపు పల్లె. పాకిస్తాన్ యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున కాల్బలంలో పోరాడినవాడు. నిప్పు ఆర్పడానికి వేలాడదీసిన ఎర్ర బకెట్లలో ఇసుకను రోజూ చేత్తో కలియబెట్టేవాడు. తడి తగిలితే ఎండబోసేవాడు. కొత్తలో ఒకరి ఆలస్యాన్ని కార్డులో దిద్దబోతే ఆయనే ఆపాడు. "రాసింది రాసినట్టు ఉండనియ్ సారూ. ఒకటి దిద్దితే ఇగ అన్నీ దిద్దాలె." ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న నీతి అంతా ఆ మాటే.

ఆయన ఊరివాడే యాదగిరి మా ప్లాంటులో చేసేవాడు. ఆ యుద్ధంలో నర్సింలన్న, ఆయన చిన్నమ్మ మాణెమ్మ కొడుకు సత్తయ్య ఒకే కందకంలో ఉన్నారట. సత్తయ్య అక్కడే పోయాడు. ఈయన ఒంటిమీద గీత లేకుండా వచ్చాడు. తమ్ముణ్ణి వదిలి వెనక్కి ఉరికాడని మాణెమ్మ ఊరంతా చెబుతుందనీ, ఆయన గడప తొక్కదనీ యాదగిరి చెప్పాడు. క్యాంటీన్లో నవ్వు కోసం నేనొక పేరు పెట్టాను: వాపస్ నర్సింలు. వారంలో అది కంపెనీ అంతా పాకింది.

కొన్నాళ్లకు ఆ పోరులో వెనక కందకంలో ఉన్న హర్యానా సిపాయి ఒకాయన గేటు దగ్గరికొచ్చాడు. నర్సింలన్న చాయ్ తేవడానికి పోయినప్పుడు, ఆ సిపాయి నాకు హిందీలో అంతా చెప్పాడు. తెల్లవారుతూనే శత్రువు ట్యాంకులతో విరుచుకుపడ్డాడు. వీళ్లున్న ముందువరస కందకంలో తూటాలు అయిపోయాయి. సత్తయ్య కాలికి దెబ్బ తగిలింది. తూటాలు తెమ్మని హవల్దారే నర్సింలన్నను వెనక్కి పంపాడు. ఇసుకలో పాక్కుంటూ రెండుసార్లు పెట్టెలు తెచ్చాడు. రెండోసారి వచ్చేసరికి కందకంలో ఊపిరున్నవాడు లేడు. పొద్దు గుంకేదాకా ఒక్కడే కాల్చాడు. ఆ స్థావరం శత్రువు చేతికి పోలేదు.

మర్నాడు క్యాంటీన్లో యాదగిరి, "ఏంది వాపస్ కాకా, మళ్ల లడాయొస్తే ఎటు ఉరుకుతవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నర్సింలన్న నావైపు చూశాడు. నాకు సంగతి తెలుసని ఆయనకు తెలుసు; సిపాయి పోతూ పోతూ ఆయనతో అనేశాడు. నోరు విప్పితే ఆ పేరు పెట్టింది నేనేనని, అది తప్పని ఒప్పుకోవాలి. చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఆయన లేచి గేటుకు పోయాడు. తర్వాత కూడా నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు.

కంపెనీ మూతపడిన చాలా ఏళ్లకు సంగారెడ్డి బస్టాండులో యాదగిరి కనిపించి, మాణెమ్మ పోయిందని చెప్పాడు. ఆ ఆదివారమే అతని వెంట ఆ ఊరికి పోయాను. నర్సింలన్న వాకిట్లో మంచం మీద ఉన్నాడు. ఇరుగుపొరుగు చేరారు. సిపాయి చెప్పిందంతా వాళ్ల ముందు చెప్పాను. యాదగిరి తల వంచుకున్నాడు. చిన్నమ్మకు ఎందుకు చెప్పలేదని నర్సింలన్నను అడిగాను.

"ఎట్ల చెప్త సారూ? సత్తిగాడు నీళ్లడిగిండు. పాకుకుంట ఒక్కటే తేవొస్తది. గోలీల పెట్టె తెచ్చిన. చిన్నమ్మకు చెప్తే గది గూడ చెప్పాలె గద. ఉరికిండనుకుంటె నన్ను తిట్టుకుంటది, అంతే."

నేను లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను.

"అన్నా, వాపస్ అని పేరు పెట్టింది నేనే. నువ్వు ఉరకలేదని తెలిసినంక గూడ నోరు మూసుకున్న. తప్పు నాది. మాఫ్ చెయ్."