వెనక్కి నడిచి కొట్టిన మందు

మాచర్ల పక్కన మా ఎర్రనేల ఎకరంలో పత్తి మాన్పించి వేరుశనగ వేయించింది నేనే. పెళ్లయి వచ్చాక సేద్యంలో నా మాట చెల్లడం అదే మొదలు. అత్తయ్య ఒప్పుకుంది గానీ, చేను గడ్డి పట్టిందంటే ఇక మీదట పంట ఊసు నా నోట రాకూడదని మా ఆయన ఎదుటే తేల్చి చెప్పింది.

విత్తిన రెండు రోజుల్లోపే, నేల తడి మీద గడ్డిమందు కొట్టాలి. ఆలస్యమైతే మన మొలకకే దెబ్బ. మందు నేల మీద పొరలా పరుచుకుని గడ్డిని మొలవనివ్వదు, ఆ పొరను తొక్కకూడదు, అందుకే వెనక్కి నడుస్తూ కొట్టాలి. ఇదంతా మా ఊరి వ్యవసాయ సహాయకురాలి ప్రాణం తీసి మరీ తెలుసుకున్నాను. ఇంకా మొలవని గడ్డికి మందేమిటని అత్తయ్య నవ్వింది.

రెండో రోజు పొద్దున్నే మూతికి గుడ్డ కట్టుకుని, ట్యాంకు వీపున తగిలించుకుని మొదలుపెట్టాను. వెనక ఏముందో నాకు కనపడదు. మా ఆయన గట్టు మీద నిలబడి, లారీ వెనక్కి తీయించే క్లీనరులా రానీయ్ రానీయ్ అని అరుస్తున్నాడు. నవ్వాపుకోలేక నా నడక వంకర్లు పోయింది. ఒకసారి గట్టు తగిలి కూలబడ్డాను కూడా. ఎకరం పూర్తయ్యాక సంబరం పట్టలేక గట్టు పొడవునా ముందుకు నడిచి చూపించాను.

మూడు వారాలకు చేను ముద్దొచ్చేలా ఉంది. ఒక్క నడిమి సాలు వెంట మాత్రం అడుగుకో కుదురు చొప్పున గడ్డి లేచింది. నవ్వుల్లో పడి అక్కడ మందు వదిలేశానేమో అనుకున్నాను.

అత్తయ్య వచ్చి సాలు వెంట నడిచి చూసింది. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆమె ఒక కుదురు దగ్గర కూర్చుని, నా వైపు చూడకుండా అంది.

"మందు కొట్టిన మర్నాడు నేనే వచ్చి ఈ సాలంతా గోకి చూశానే. గింజ మొలకెత్తిందో లేదోనని."

విత్తినవాళ్లెవరూ ఆ గోకుడు మానలేరు మా వైపు. గోకిన ప్రతిచోటా మందు పొర చెదిరిపోయింది, గడ్డికి దారి దొరికింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మొలిచిన గడ్డికి వేరే మందుంది, ఇప్పుడే కొడితే సరిపోతుంది, ట్యాంకు తెస్తానన్నాను.

అత్తయ్య చీర కుచ్చెళ్లు ఎగదోపి సాలులో చతికిలబడింది.

"శనగ పూత ఊడలై నేలలోకి దిగేలోపు ఇది నేనే పీకుతా. నువ్వు ముట్టుకోమాక. పోయి, వచ్చే ఏడు ఏం ఏద్దామో ఆలోచించు."