పసుపు, ఆకుపచ్చ రెక్కల పావురం

నిన్న సాయంత్రం కిటా అనే పసిపిల్లల బడి నుంచి వచ్చిన మా మనవరాలి వేళ్ళకు పసుపు, ఆకుపచ్చ రంగులు అంటుకుని ఉన్నాయి. కడగబోయి, ఆ చిన్న వేళ్ళను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇవే రంగులు ఇంకొకరి వేళ్ళకు చూశాను, జర్మనీలోని ఈ హానోవర్‌లోనే, నేను ఉద్యోగానికి వచ్చిన కొత్తలో.

అప్పుడు మా పైవాటాలో, పడుచుతనంలో స్పెయిన్ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి ఇక్కడే ముసలివాడైన ఒక పెద్దాయన ఉండేవారు. ఊరి చివర అద్దె తోటలో పావురాలు పెంచి, మగవాటి రెక్కలకు ఈ రెండు రంగులూ వేసేవారు. నేను పాలిటెక్నిక్‌తో చదువు ఆపినవాణ్ణే గాని, కొత్త సంగతి ఏది కనబడినా లైబ్రరీలో వెతికి చదివితే గాని నాకు తోచదు. నిఘంటువు పక్కన పెట్టుకుని జర్మన్ పుస్తకం ఒకటి కూడబలుక్కుంటుంటే మా ఆవిడ, “పావురాల సంగతి తర్వాత చదువుదురు గాని, రేపు వీసా ఆఫీసులో టెర్మిన్‌కి కాగితాలు సర్దారా?” అనేది.

ఆయన పావురాలతో ఆడేది వేగం పందెం కాదని ఆ పుస్తకం వల్లే తెలిసింది. తోకకు తెల్ల ఈక కట్టిన ఆడపావురాన్ని ఒక్కదాన్ని ఎగరేసి, రంగురంగుల మగపావురాలను దాని వెంట వదులుతారు. ఏది దాని పక్కన ఎక్కువసేపు నిలబడితే దానిదే గెలుపు. ప్రతి ఆదివారం పెద్దాయన తోట నుంచి రాగానే వాళ్ళ ఆవిడ బాల్కనీలోంచి ఒకే ప్రశ్న వేసేదట, నిలబడ్డాడా అని. నేను వచ్చేనాటికే ఆమె మతిమరుపు జబ్బుతో వృద్ధాశ్రమంలో ఉంది. భర్తనే గుర్తుపట్టడం లేదు, ఇక ప్రశ్న ఎక్కడిది.

అద్దె తోటల సంఘం వాళ్ళు పావురాల గూడు తీసేయమన్నారు. ఆఖరి ఆదివారం పందేనికి నేనూ వెళ్ళాను. స్నేహితులు వద్దంటున్నా పెద్దాయన తన ముసలి పావురాన్నే వదిలారు. దాని గెలుపు మాట ఒక్కసారైనా భార్య చెవిన వేయాలని ఆయన ఆశ. ఆడపావురం దేవదారు కొమ్మల్లోకి దూరింది. వాన మొదలై, పడుచు పావురాలు ఒక్కొక్కటే గూళ్ళకు మళ్ళాయి. పసుపు, ఆకుపచ్చ రెక్కలది మాత్రం తడుస్తూ ఆడపావురం పక్క కొమ్మనే పట్టుకుని ఉంది. మా హైదరాబాదు మిద్దెల మీద ఈల వేసి, గింజలు చల్లి పావురాన్ని దింపుకోవడమే గొప్ప. ఆ అలవాటుకొద్దీ, జాలితో నేను గింజల డబ్బా అందుకుని ఆడించబోయాను. ఆయన చెయ్యి నా మణికట్టు మీద పడింది.

“పిలవకు నాయనా. పిలిస్తే వచ్చేస్తాడు.”

పందెం సమయం ముగిసేదాకా అది కదలలేదు. తడిబట్టలతోనే ఆశ్రమానికి వెళ్ళాం. ఆమె మమ్మల్నిద్దరినీ కొత్తవాళ్ళను చూసినట్టే చూసింది. ఆయన పక్కన కూర్చున్నారు. కాసేపటికి ఆమె ఆయన చెయ్యి తీసుకుని, గోళ్ళ చుట్టూ ఉన్న రంగును బొటనవేలితో రుద్ది, స్పానిష్‌లో ఏదో అడిగింది. నాకు ఆ భాష రాదు గాని, ఆయన ముఖం చూశాక ఆ ప్రశ్న ఏమిటో తెలిసిపోయింది. ఆయన తల ఊపారు. ఆ డబ్బా ఆడించి ఉంటే ఆయన ఆ సాయంత్రం అబద్ధమాడవలసి వచ్చేది.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఆ తోట ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. లైబ్రరీలో ఆ పుస్తకం కోసం అడిగితే, ఎవరూ తీసుకోవడం లేదని తీసేశామన్నారు. నీళ్ళు వృథాగా పోతున్నాయని మనవరాలు జర్మన్‌లో విసుక్కుంటే కుళాయి కట్టేశాను. రంగు ఇంకా పూర్తిగా పోలేదు. పోనీలే, కాసేపు ఉండనీ అనుకున్నాను.