ధరల లెక్కలో లేని ఇల్లు

మా ఎకనామిక్స్ సారు పోయారు. కబురు తెలిసేసరికి నేను కోదాడ బస్టాండులో, చాయ్ ధర ఎందుకు పెంచావని హోటలాయనతో గొడవ పడుతున్నాను. సారు చూస్తే మురిసిపోయేవారు. ఆయన పాఠం ఒంటబట్టిన శిష్యుణ్ని నేనొక్కణ్నే, అదీ చాయ్ వరకే.

ధరల సూచీ చెప్పడానికి ఆయన ఒక పొద్దున మమ్మల్ని బస్సెక్కించి సూర్యాపేట కూరగాయల మార్కెట్టుకు తీసుకుపోయారు. "అడుగుండ్రి, రాసుకోండ్రి" అన్నారు. మేము మహాపండితుల్లా వంకాయలను సమీపించాము. గంప ముందున్న అవ్వ గయ్యిమంది.

"ఇంక బోణీ గాలే! కొంటరా, ముచ్చట పెడ్తరా? పొద్దుగాల్నే ధరడిగి పోతే నా యాపారం ఏంగావాలె?"

సారు గబగబా వంకాయలు కొన్నారు. "కొనేటోనికే అసలు ధర తెలుస్తది రా" అన్నారు. ఆ పొద్దున ఎక్కడ ధర అడిగినా బోణీ ఆయనదే. ఆ వారం వాళ్లింట్లో ఏం వండుకున్నారో నేను వర్ణించను.

ఇల్లంటే కోదాడలో రెండు గదుల కిరాయి వాటా. మిర్యాలగూడలో సొంతిల్లు మొదలుపెట్టి ఏళ్లయింది. గోడలు లేచాయి, కప్పు పడలేదు. సిమెంటు ధర ఆయన జీతానికి ఎన్నడూ అందలేదు. ఆ కప్పు వేయించాలన్నదే సారు భార్య, మా మేడం ఏకైక పట్టు.

డౌట్ల పేరు చెప్పి, మేడం చేసే సర్వపిండి కోసం మేం వాళ్లింటికి పోయేవాళ్లం. ఒకనాడు సారు కరువు భత్యం గురించి చెబుతుంటే మేడం వంటింట్లోంచి అందుకున్నారు.

"బియ్యం పిరమైతే లెక్కలకొస్తది. కిరాయి పెరిగినా వస్తది. మరి ఇల్లు కట్టే ఖర్చు?"

"అది రాదు. కిరాయంటే వాడకం. ఇల్లు కట్టుకునుడంటే ఆస్తి కూడబెట్టుడు."

"ఆస్తిల పండుకుంటమా, ఇంట్ల పండుకుంటమా?"

మేం పగలబడి నవ్వాం. సారూ నవ్వారు. "అసుంటి ఇంటికి ఎంత కిరాయి వస్తదో, సొంతింటికీ అంతే ఇలువ గట్టాలె. రెండూ ఒకటే."

"ఒకటెట్లయితయి? మా నాయిన పోతే ఓనరు శవాన్ని గడప లోపలికి రానియ్యలే. బజాట్ల పండవెట్టినం. మీకు గట్ల కావద్దనే నా బాధ."

మర్నాడు క్లాసులో సారు బోర్డు మీద 'ఇల్లు' అని రాశారు. "దీనికి నా దగ్గర జవాబు లేదు" అన్నారు. జవాబు లేదన్న లెక్చరర్‌ను నేను చూడడం అదే మొదలు.

ఆయన గుండెనొప్పితో సూర్యాపేట దవాఖానలో పోయారు. మేం చేరేసరికి కోదాడ ఇంటి ఓనరు అక్కడే ఉన్నాడు. మనిషి మంచివాడే. కళ్లు తుడుచుకుంటూనే అన్నాడు:

"ఏమనుకోకండి మేడంగారూ. అమ్మాయి పెళ్లి పెట్టుకున్నాం. ఇంటికి మాత్రం తీసుకురావద్దండీ."

మేడం సారును ఎక్కించిన వ్యాను డ్రైవరు వైపు తిరిగారు. "మిర్యాలగూడ పోనియ్యి బిడ్డా."

మేం ముందే పోయి ఇసుక ఎత్తిపోశాం, నేల ఊడ్చాం. తలుపు లేని గడప మీద మేడం నీళ్లు చల్లారు. "రాండ్రి, మన ఇల్లే" అన్నారు.

సారును నడింట్లో పడుకోబెట్టాం. మీద ఆకాశం. కాసేపటికి ఎండ గోడ దాటి ఆయన ముఖం మీదికి దిగింది. మేడం లేచి, రెండు చేతులతో కొంగు చాపి, ఎండకు అడ్డంగా నిలబడ్డారు.