పైట చాటు పాలు

1990లో నేను సిడ్నీలోని ఒక జంతు సంరక్షణ కేంద్రంలో వెటర్నరీ నర్సును. మూతబడిన సర్కస్ నుంచి మేం కాపాడి తెచ్చుకున్న చింపాంజీ రోజీకి ఆ చలికాలంలో తొలి కాన్పయింది. పిల్లను గుండెకు హత్తుకుంది గానీ పాలివ్వడం తెలియలేదు. రోజీ మనుషుల మధ్య సీసాపాలతో పెరిగింది, ఏ తల్లీ పాలివ్వడం ఎన్నడూ చూడలేదు పాపం. చింపాంజీలకు అది చూసి నేర్చుకునే విద్య.

"సాయంత్రంలోగా పాలు తాగకపోతే హ్యాండ్ రేరింగ్ తప్పదు," అన్నాడు మా డాక్టర్ ఇయాన్. అంటే పిల్లను తల్లి నుంచి తీసేసి సీసాతో పెంచడం. బతుకుతుంది, కానీ రేపు అదీ తల్లిలాగే తన జాతికి పరాయిదైపోతుంది.

సిడ్నీలోనే హారిస్ పార్క్ అనే పేటలో మా చర్చికొచ్చే సునీత గుర్తొచ్చింది. మాది ఒకే ఊరు, తెనాలి. చంకలో మూణ్ణెల్ల పసివాడు. చింపాంజీలకు పరుపులుగా వేసే గోనెసంచులు పోగుచేసి పంపేది కూడా ఆ చర్చి ఆడవాళ్ళే. ఫోన్ చేశాను.

"కోతికి నేను క్లాసు చెప్పాలా అక్కా? మా ఆయన వింటే ఒకటే నవ్వు," అంటూనే చీర మీద కోటేసుకుని ట్రైనెక్కి వచ్చేసింది.

గాజు గోడకు ఇవతల కుర్చీ వేశాం. రోజీ అవతల వచ్చి కూర్చుంది. సునీత అలవాటు ప్రకారం బిడ్డ మీద పైట నిండా కప్పేసి పాలివ్వసాగింది. రోజీ కాసేపు చూసింది. తర్వాత ఒక గోనెసంచి లాక్కొచ్చి, పిల్ల తల మీదుగా కప్పుకుని, మావైపు చూస్తూ కూర్చుంది. అంతే! లోపల పిల్ల కీచుమంటూనే ఉంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఓసి నా తల్లీ, అది నేర్చుకున్నావా!" అని సునీత పకపకా నవ్వి, ఇయాన్ వైపు తిరిగింది. "డాక్టర్, ప్లీజ్ గో అవుట్. అక్కా, ఆ తలుపెయ్యి."

ఆయన వెళ్ళగానే పైట తీసేసింది. బిడ్డ నోటికి రొమ్ము ఎలా అందించాలో నిదానంగా, మళ్ళీ మళ్ళీ చూపించింది. రోజీ సంచి ఎత్తి తన పిల్లను చూసుకుంది. కాస్త పైకి జరిపింది. కుదరలేదు. ఇంకాస్త జరిపింది. కీచుమనడం ఆగింది.

"తాగుతోందక్కా!"

నేను నేల మీదే కూలబడి హాయిగా ఏడ్చేశాను.

ఆ తర్వాత కడుపుతో ఉన్న చింపాంజీలను పాలిచ్చే తల్లుల పక్కనే ఉంచడం మా పద్ధతైంది. ఇయాన్ ఆ సంగతి మిగతా కేంద్రాలకూ రాశాడు. కొన్ని వైద్యాలకు మందులు చాలవు, ఒక తల్లి మరో తల్లి ఎదుట కూర్చోవాలని నాకు ఆరోజే తెలిసింది.

రోజీ మాత్రం చివరిదాకా సంచి కప్పుకునే పాలిచ్చింది. దాన్ని చూసి నేర్చుకున్న తల్లులు కూడా, పిల్ల ఏడవగానే ముందు గోనెసంచి వెతుక్కునేవి.