పాచికల గురువారం

లిడియా రెంప్ఫర్ చెవులు నేత మిల్లులో పోయాయి. పద్నాలుగో ఏటనే మగ్గాల మధ్య నిలబడింది. నలభై దాటేసరికి ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయింది, కుడి చెవిలో ఏదో హోరు తప్ప ఇంకేమీ మిగల్లేదు. జర్మనీలోని మా రాయిట్లింగెన్ ఊళ్లో అదేం వింత కాదు. ఆ మిల్లులో పనిచేసిన ఆడవాళ్లందరూ కేకలేసుకుంటూనే మాట్లాడుకుంటారు. లిడియా కేకలు వేయలేదు. మాటలే తగ్గించుకుంది.

పెళ్లి చేసుకోలేదు. మా హోటలు వెనక వీధిలో, వాగు పక్కన, అక్క ఎమ్మాతో ఉండేది. ఎవరైనా వస్తే తలుపు తీసేది ఎమ్మా, కొట్టులో బేరమాడేది ఎమ్మా. నలుగురిలో ఎవరేమన్నా చెల్లెలి వైపు తిరిగి, పెదవులు బాగా కదిలిస్తూ మళ్లీ చెప్పేది. పెదవులు కనబడితే లిడియాకు మాట అందేది.

ఏడాదిలో ఒక్క సాయంత్రం మాత్రం ఆమె అందరితో సమానంగా కూర్చునేది. జనవరి మొదట్లో చేసుకునే ముగ్గురు రాజుల పండుగ తర్వాత వచ్చే గురువారం ఊరంతా ముట్షెల్ కోసం పాచికలు వేస్తుంది. వెన్న వేసి ఎనిమిది కొనల నక్షత్రంలా కాల్చిన రొట్టె అది. పూర్వం తుపాకి గురి పోటీలో గెలిచినవాడికి ఈ రొట్టె ఇచ్చేవారనీ, తర్వాత తుపాకుల చోటికి పాచికలొచ్చాయనీ మా మామగారు చెప్పేవారు. రొట్టెలవాళ్లు ఇంకో కథ చెబుతారు. ఎవరిది నిజమో గానీ ఆ రోజు మా హోటల్లో కుర్చీ దొరకదు. ఆ గోలలో చెవులున్నవాళ్లకే ఏమీ వినపడదు. గెలుపూ ఓటమీ బల్ల మీద చుక్కల్లో కనబడతాయి. లిడియాకు అది చాలు.

ఒక ఏడు ఆపిల్ పళ్లు కోసే రోజుల్లో ఎమ్మా న్యుమోనియాతో పోయింది. ఆ జనవరిలో లిడియా రాదనుకున్నాను. వచ్చింది. నల్ల కోటు విప్పకుండా, మిల్లు ఆడవాళ్ల బల్ల చివర కూర్చుంది.

మొదటి ఆట ‘పెద్ద ఇంటి నంబరు’. ఒకే పాచికను మూడుసార్లు వేయాలి. పడిన అంకెను పడినట్టే పలక మీద వందల చోటో, పదుల చోటో, ఒకట్ల చోటో రాసెయ్యాలి. రాశాక మార్చకూడదు. చివరికి ఎవరి ఇంటి నంబరు పెద్దదైతే రొట్టె వాళ్లది. మొదటే నాలుగు పడిందంటే ఎక్కడ పెట్టాలో తోచక మగాళ్లకు కూడా చెమటలు పట్టేస్తాయి.

రెండో ఆటకు ఎవరో “ఈసారి చిన్న నంబరు!” అని అరిచారు. చిన్నదైతేనే గెలుపు. లిడియాకు చెప్పడానికి పక్కన ఎమ్మా లేదు. మొదట ఆరు పడింది. మురిసిపోయి వందల చోట రాసింది. తర్వాత అయిదు, మళ్లీ ఆరు.

“చూడండే లిడియా ఇల్లు! వీధి దాటి, ఊరు దాటి, టూబింగెన్‌లో కట్టినట్టుంది!” అంది ఆ మిల్లు ఆడవాళ్లలో ఒకతె, బెర్తా.

బల్లంతా పగలబడి నవ్వింది. లిడియా కూడా నవ్వింది. నవ్వుతూనే రొట్టె కోసం చెయ్యి చాచింది. బెర్తా ఆ రొట్టెను ఇటు లాగి ఇంకొకరి ముందు పెట్టింది. లిడియా చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. నేను బీరు గ్లాసులు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

ఎదురుగా కూర్చున్న రైన్‌హోల్ట్ క్నాప్ బల్ల మీద వేలితో తట్టాడు. ఇళ్లకు పెంకులు వేసే మనిషి, భార్య పోయి చాలా కాలమైంది.

“ఇటు చూడండి,” అన్నాడు నిదానంగా. “చెయ్యి పైకెత్తితే పెద్దది. కిందికి దించితే చిన్నది. సరేనా?”

అక్కణ్నుంచి ప్రతి ఆటకూ సైగ చేశాడు. ‘బట్టల్లేని లూయిస్‌లె’ అని ఓ ఆడమనిషి పేరున్న ఆట మొదలయ్యేసరికి దాన్ని చేతులతో ఎలా చెప్పాలో తెలియక ఆయన ముఖం ఎర్రబడిపోయింది. లిడియా గట్టిగా నవ్వింది. ఎమ్మా పోయాక ఆ నవ్వు వినడం నాకు అదే మొదటిసారి. ఆమె ఒక రొట్టె గెలిచింది కూడా. దాన్ని కాగితంలో చుట్టి, రైన్‌హోల్ట్ ఆమెను ఇంటిదాకా దిగబెట్టాడు.

మర్నాడు ఏమీ చెప్పలేదు లిడియా. నేనూ అడగలేదు. తర్వాతి ఏడు రైన్‌హోల్ట్ వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. లిడియా అటు చూసి చెయ్యెత్తితే తల వంచి నమస్కరించాడు, అంతే. ఆ వేసవిలో ఫులింగెన్ ఊరి విధవరాలు ఒకామెను పెళ్లి చేసుకున్నాడు.

ఆ తర్వాతి చలికాలంలో ఓ రోజు మా హోటల్లో ఒంటరిగా తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు:

“లిడియా నన్ను వద్దనుకుంది, హిల్డే. ఆ రాత్రి గుమ్మం దగ్గర అడిగాను, ఆదివారం కాఫీకి రావచ్చా అని. తల ఊపింది. కొత్త కోటు వేసుకుని వెళ్లాను. గంట కొడుతూనే ఉన్నా, తలుపు తియ్యలేదు. ఇష్టం లేకపోతే ఆ రాత్రే చెప్పొచ్చుగా?”

గ్లాసులు తుడుస్తున్న నాకు అప్పుడు తట్టింది. ఆ వీధిలో దీపం లేదు. చీకట్లో ఆయన పెదవులు ఆమెకు ఎలా కనబడతాయి? వినపడనప్పుడు తల ఊపడం ఆమెకు అలవాటు. ఎన్నిసార్లని ‘ఆఁ?’ అంటారు ఎవరైనా? ఇక గంటంటారా, మేమెవరమూ ఆమె ఇంటి గంట కొట్టం. కిటికీ ముందు నిలబడి చేతులూపి పిలుస్తాం. పై వీధిలో ఉండే రైన్‌హోల్ట్‌కు అదేం తెలుసు?

మర్నాడు వెళ్లి చెప్పాను. లిడియా నా పెదవులను చూస్తూ చివరిదాకా విన్నది.

“ఏ ఆదివారం?”

“ఆట తర్వాతి ఆదివారమే.”

“ఇంట్లోనే ఉన్నానే హిల్డే! వెనక వంటింట్లో. ఎమ్మా స్వెటరు విప్పి నూలు చుట్టుకుంటున్నా.” అంది. “చాలాసేపు నిలబడ్డాడటా?”

“నేను అడగలేదు.”

“అడక్కు. ఆయనతో ఏమీ అనకు కూడా. ఆ ఇల్లాలు వింటే ఏం బాగుంటుంది?”

లేచి కాఫీ పెట్టింది. గిన్నె పొంగిపోతున్నా చూసుకోలేదు. నేనే దించాను.

మంచు కరగక ముందే కరెంటు మనిషిని పిలిపించి, బయట గంట నొక్కితే వంటింట్లో వెలిగే బల్బు పెట్టించుకుంది. అప్పుడప్పుడూ తపాలా మనిషి నొక్కేవాడు. వారానికోసారి నేను నొక్కేదాన్ని. ఎవరూ రాని రోజుల్లో కూడా లిడియా ఆ బల్బు కనబడే వైపే కుర్చీ వేసుకుని అల్లుకునేది.