పొదిలి నుంచి వచ్చిన ఉత్తరం

పోయిన నెలలో మార్కాపురంలో మా చెల్లెలి ఇంటికి వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చాను. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న వాళ్ల అమ్మాయి ఆ నాలుగు రోజులూ గది తలుపు దగ్గరగా వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. ఇంటర్న్‌షిప్ కోసం ఏదో కోర్సు పూర్తి చేయాలట. ఒక మధ్యాహ్నం అన్నం పళ్లెం నేనే తీసుకెళ్లి పక్కన పెట్టి కాసేపు నిలబడ్డాను. తెరమీద ఎవరో ఇంగ్లీషులో గడగడా ప్రోగ్రాములు వివరిస్తున్నారు. ఆ పిల్ల ఒక చెవి తెరిచి, "పెద్దమ్మా, మీ కాలంలో ఇవన్నీ మీకు ఎవురు నేర్పినారు?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే మళ్లీ చెవి మూసుకుని తన పనిలో పడిపోయింది. ఆ పిల్లకు చెప్పలేకపోయిన సంగతి నా ఈడువాళ్లయిన మీకు చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది త్రిపురాంతకం పక్కన ఒక చిన్న పల్లె. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూలికి వెళ్లి, కందికోతలు, మిరప కోతలు, పత్తి తీతలు, ఏ కాలానికి ఏ పని దొరికితే ఆ పని చేసి మా ఇద్దరినీ సాకింది. నేను మిషను హాస్టల్లో ఉండి పది దాకా తెలుగులో చదువుకుని, ఎట్లాగో ఇంజనీరింగులో సీటు తెచ్చుకుని, ఒంగోలు కూడా దాటి చాలా దూరం ఉన్న కాలేజీలో ఎలక్ట్రికల్‌లో చేరాను. ఆ రోజుల్లో కంప్యూటర్ గది ఎలా ఉండేదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టాలి, వారానికి ఒక గంట, ఒక్కో యంత్రానికి ముగ్గురు. మా ముగ్గురిలో ఒకమ్మాయి చాలా రోజులు రానే రాదు కాబట్టి ఆ యంత్రం దాదాపుగా నాదీ, నా స్నేహితురాలిదీ.

ఆ స్నేహితురాలిది పొదిలి. బజారులో పెద్ద కిరాణా దుకాణం ఉన్న వైశ్యుల ఇల్లు. సెలవులయిపోయి కాలేజీకి వెళ్లేటప్పుడు నేను మార్కాపురంలో బస్సెక్కి పక్క సీట్లో సంచి పెట్టుకుని కూర్చునేదాన్ని, ఆమె పొదిలిలో ఎక్కి ఆ సంచి ఎత్తి నా ఒళ్లో పెట్టి కూర్చునేది. కాలేజీలో నాకు ఉన్న ఒకే ఒక్క మనిషి ఆమె. అయితే ల్యాబులో మాత్రం మా మధ్య ఒక ఏర్పాటు, ఎవరూ చెప్పకుండానే, మొదటి రోజే కుదిరిపోయింది. ఆమె టైపు నేర్చుకుని వచ్చిన పిల్ల, వేళ్లు చకచకా కదిలేవి, అందుకని కీబోర్డు ముందు ఆమె కూర్చునేది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, ప్రోగ్రాము ఎలా సాగాలో కాగితం మీద రాసి చూపించేదాన్ని. నేను రాసింది ఆమె కొట్టేది. మూడేళ్లు దగ్గర పడుతున్నా నా వేళ్లకు ఆ మీటలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియదు. ఒక్కసారి నన్ను కొట్టనివ్వు అని అడిగి ఉంటే ఆమె తప్పకుండా లేచి కుర్చీ ఇచ్చేది. అడగలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పమంటే, అడగడం నాకు అలవాటు లేదని మాత్రం చెప్పగలను.

మూడో సంవత్సరం చివర్లో నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. వేరే జిల్లాలో ఉన్న పెద్ద కరెంటు ప్లాంటు వాళ్లు నాలుగో సంవత్సరం విద్యార్థులను ఆరు నెలల ట్రైనింగుకి తీసుకుంటారట, మా కాలేజీ నుంచి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. సెలవులు అయిపోగానే పరీక్ష. కంప్యూటర్ ముందు ఎవరికి వాళ్లే కూర్చుని, ఒక గంటలో సి భాషలో ప్రోగ్రాము రాసి నడిపించి చూపించాలి. అక్కడ ట్రైనింగు చేసినవాళ్లను తర్వాత ఉద్యోగంలోకి కూడా తీసుకుంటున్నారని సీనియర్లు చెప్పుకునేవాళ్లు. అమ్మకు అప్పటికే నడుము నొప్పి పట్టుకుంది, చెల్లెలు ఇంకా ఇంటర్‌కి రాలేదు. నాకు ఆ కాగితం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఆ ఎండాకాలం మార్కాపురంలో కంప్యూటర్ ఉన్న చోటు వెతుక్కుంటూ తిరిగి, చివరికి బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద గది పట్టుకున్నాను. ఒక అక్క అక్కడ పెళ్లి కార్డులు, దరఖాస్తులు టైపు చేసి ఇచ్చేది. ఉన్నవి రెండే యంత్రాలు. పొద్దున పూట ఒక్కో మీటా వెతుక్కుంటూనైనా ఇంగ్లీషు దరఖాస్తులు నేను కొట్టిపెట్టేటట్టు, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నన్ను నేర్చుకోనిచ్చేటట్టు ఒప్పందం. "నాకు కార్డులు కొట్టేది తప్ప ఇంకేం రాదు పాపా, నువ్వే ఏందో చూసుకో" అని మొదటి రోజే చెప్పేసింది. కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న అట్ట ఊడిన పుస్తకం ఒకటీ, ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఒకటీ, అవే నాకు గురువులు. రోజూ మా ఊరి నుంచి తొలి బస్సులో వచ్చి సాయంత్రం బస్సుకు పోయేదాన్ని. మధ్యాహ్నాలు కరెంటు పోతే ఆ రేకుల గదిలో చెమటలు కారుతూ, ఆరిపోయిన తెరలో నా ముఖం నేనే చూసుకుంటూ, కాగితం మీద లెక్కలు వేసుకునేదాన్ని. నోరు తెరిచి మాట్లాడకుండా గడిచిన పూటలు ఎన్నో. ఒకసారి బస్సులో కండక్టరు టిక్కెట్టు ఎక్కడికని అడిగితే, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఒకరోజు ఒకటి నుంచి పది దాకా అంకెలు కూడే చిన్న ప్రోగ్రాము రాసి నడిపించాను. తెర నల్లగా అయిపోయి అలాగే ఉండిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. యంత్రం పాడు చేశాననుకున్నాను. అక్క కిందికి టీకి వెళ్లిన సమయం చూసి, పుస్తకం సంచిలో వేసుకుని, మెట్లు దిగి బస్సెక్కాను. రెండు రోజులు ఇల్లు కదలలేదు. ఒంట్లో బాగాలేదని అమ్మకు అబద్ధం చెప్పాను. మూడో రోజు తెగించి వెళ్లి, గుమ్మం దగ్గరే నిలబడి జరిగింది చెప్పాను. అక్క పకపకా నవ్వింది.

"దీనికేనా రెండు దినాలు రాలేదు? అది నువ్వు పోయిన పొద్దే ఆపి మళ్లా ఏసినా. ఏం కాలే. నన్ను ఒక్కమాట అడిగితే పోయేది గదా!"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి మాత్రం ఇంకో మూడు రోజులు పట్టింది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడానికి వైల్ అని రాసిన వరుస చివర పెట్టకూడని సెమీకోలన్ ఒకటి పెట్టాను. ఆ ఒక్క చుక్కా కామా వల్ల యంత్రం ఆ వరుస దగ్గరే తిరుగుతూ కింది వరుసకు ఎప్పటికీ దిగదు. దాన్ని నేనే కనిపెట్టిన సాయంత్రం, ఆ గదిలో ఎవరూ లేరు, ఎవరికి చెప్పాలో తెలియలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి కింద బస్టాండులో పుచ్చకాయ ముక్కలు అమ్ముకుంటున్న ముసలామెను చూస్తూ నిలబడ్డాను.

ఆ వారంలోనే పొదిలి నుంచి నా స్నేహితురాలి ఉత్తరం వచ్చింది. ఇన్‌లాండ్ కాగితం, మూడు వైపులా నిండా గుండ్రటి అక్షరాలు. మా పాస్టరు గారి భార్య తెచ్చిచ్చింది. అమ్మకు చదువు రాదు, చదివి వినిపించమంది. చదివాను. వాళ్లింట్లో అందరూ బాగున్నారనీ, వాళ్ల తమ్ముడికి ఒంటిపూట బడి అనీ, ఎండలు మండుతున్నాయనీ చదివాను. మధ్యలో ఉన్నది వదిలేశాను. ఆ మధ్యలో ఉన్నది ఇదీ: వాళ్ల నాయన ఆమె కోసం ఇంటికి కంప్యూటర్ తెప్పించాడట. "నువ్వు రాసింది కొట్టడమే తప్ప నాకేం రాదని ఇప్పుడు తెలిసొస్తా ఉందే. నువ్వు లేక ఒక్క ప్రోగ్రామూ నడవడం లేదు. మా ఇంటికి రా, పరీక్ష దాకా ఉందువుగాని. ఇద్దరం కలిసి నేర్చుకుందాం. సీటు ఎవరికి వచ్చినా మనకే గదా."

అమ్మ నా చేతిలో కాగితాన్ని తేరిపార చూసి అంది: "ఇంతేనా? ఇంత కాగితం నిండా ఈ ముక్కలేనా రాసింది ఆ పిల్ల?"

"ఇంతేలేమ్మా" అన్నాను.

ఎందుకు వెళ్లలేదని ఇన్నేళ్లలో ఎన్నోసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. వాళ్ల ఇంట్లో నన్ను ఎంతవరకు రానిస్తారో, మంచినీళ్లు ఏ గ్లాసులో ఇస్తారో అన్న భయం ఉన్నమాట నిజం. అలాంటివి చూసి పెరిగినదాన్ని. కానీ ఆమె నా కంచంలోంచి చేపల పులుసు అడిగి మరీ తిన్న పిల్ల, ఇంట్లో ఆ సంగతి తెలిస్తే ఏమంటారోనని నవ్వుకున్న పిల్ల. కాబట్టి ఆ భయం ఒక్కటే కారణమని చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. అమ్మాయిలకు ఉన్నది ఒక్క సీటు. నేను లేకపోతే ఆమెకు రాదని ఆమే రాసింది. ఆ మాట చదివినప్పుడు నాలో ఏదో చల్లబడింది, ఊరటలాంటిది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. జవాబు రాయలేదు.

కాలేజీ తెరిచే రోజు బస్సు పొదిలిలో ఆగింది. ఆమె ఎక్కి, సంచి ఎత్తి నా ఒళ్లో పెట్టి, "నా జాబు అందలేదా ఏందే?" అంది. నేను కిటికీలోంచి చూస్తూ, ఏ జాబు అన్నట్టు ముఖం పెట్టాను. పోస్టాఫీసు వాళ్లను నాలుగు తిట్టి ఊరుకుంది.

పరీక్ష రోజు మమ్మల్ని పక్కపక్క యంత్రాల ముందే కూర్చోబెట్టారు. పన్నెండు కరెంటు మీటర్ల రీడింగులు తీసుకుని సగటు కట్టి, అన్నిటికంటే పెద్దది ఏదో చూపించాలి. నా వేళ్లు వాటంతట అవే కదిలాయి. సగం కొట్టాక పక్కకు చూస్తే ఆమె తన పని మాని నా చేతులనే చూస్తోంది. మళ్లీ తన తెర వైపు తిరిగింది. ఇంకో పావుగంట ఉందనగా ఆమె తెర నల్లగా అయిపోయి కదలకుండా నిలిచిపోయింది. ఆమె చేతులు రెండూ ఒళ్లోకి తీసుకుంది. తిరిగి ఆన్ చేసింది, మళ్లీ కొట్టింది, మళ్లీ అదే. అంతకుముందు ఆమె రాసిన వరుసలు నేను చూశాను. వైల్ చివర, నేను మూడు రోజులు వెతికిన ఆ చుక్కా కామా అక్కడ ఉంది. కాపలా ఉన్న సారు వరండాలో ఉన్నాడు, వెనక అబ్బాయిలు గుసగుసలాడుకుంటూనే ఉన్నారు. పరీక్షలో చెప్పకూడదు, అది నిజమే. కానీ నేను చెప్పకుండా ఉన్నది అందుకు కాదు.

సీటు నాకు వచ్చింది. హాస్టలు గదిలో ఆమె బట్టలు మడత పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఎండాకాలమంతా నేర్చుకున్నావా?"

"ఊఁ."

"ఎక్కడ?"

"మార్కాపురంలో."

పెట్టె దగ్గరికి లాక్కుని, "నా జాబు అందిందా?" అంది.

ఈసారి మాత్రం అబద్ధం చెప్పలేకపోయాను. "అందింది" అన్నాను.

 ఆమె చేతిలో ఉన్న చున్నీని ఇంకా చిన్నగా మడిచి పెట్టెలో పెట్టి, "అట్లనా" అంది. అంతే. ఆ తర్వాత దసరా సెలవులయి కాలేజీకి తిరిగి వెళ్లేటప్పుడు పొదిలిలో ఆమె ఎక్కలేదు, ముందు బస్సుకే వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. ప్లాంటులో ఆరు నెలలూ ఒక్కదాన్నే ఒక గదిలో ఉన్నాను. పెద్ద క్యాంటీనులో మూలనున్న బల్ల దగ్గర అన్నం తినేదాన్ని. అందరూ నన్ను తెలివైన పిల్ల అన్నారు, ఉద్యోగమూ ఇచ్చారు. అమ్మను కూలి మాన్పించాను, చెల్లెల్ని చదివించాను. వీటిలో దేనికీ విచారం లేదు. ఉద్యోగంలో చేరిన ఏడాది పొదిలికి ఒక ఉత్తరం రాశాను, మూడు వైపులా నిండా. జవాబు రాలేదు. అందిందో లేదో తెలియదు, అందిందా అని అడిగే హక్కు నాకు లేదనుకుని మళ్లీ రాయలేదు.

ఇప్పుడు మా ప్లాంటులో ట్రైనింగుకి పిల్లలను ఎంపిక చేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. మా కాలంలో లాగా ఒక్క యంత్రానికి ముగ్గురు ఒరుసుకుని కూర్చోవడం ఎక్కడా లేదు. ప్రతి పిల్లకూ ఒక యంత్రం, ఒక గది, అడిగిందానికల్లా జవాబు చెప్పే తెర. తెలియనిది ఇంకో మనిషిని అడగాల్సిన అవసరమే వాళ్లకు రాదు. పరీక్ష హాల్లో ఒకరి తెర ఒకరికి కనిపించకుండా చెక్క అడ్డాలు కట్టించాం, ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టినదాన్ని నేనే. పక్కవాళ్ల పొరపాటు కంటపడి, చెప్పనా వద్దా అని నలిగే బాధ ఈ పిల్లలకు లేదు. మంచిదేననుకుంటాను. అయినా పరీక్ష ముగిశాక వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఎవరి ఫోను వాళ్లు తెరుచుకుని మెట్లు దిగిపోతుంటే, నేను కిటికీ దగ్గర నిలబడి, ఎవరైనా ఇద్దరు కలిసి దిగుతారేమోనని ఆఖరి పిల్ల గేటు దాటేదాకా చూస్తూ ఉంటాను.